రెండో చెవి

కుక్కంటే కుక్కలా ఉండాలన్నాడు మా ఆయన.
గ్దీనియా ఓడల కార్ఖానాలో ముప్పై నాలుగేళ్లు
ఇనుముకి ఇనుము అతికించిన మనిషి.
అడ్డంగా పడుకుంటే తలుపు తెరుచుకోనంత కుక్క
తెస్తాననుకున్నాడు.
నేను తెచ్చింది ఆయన టోపీలో పట్టేసింది.

తల్లి మాల్టీస్, తండ్రి పూడుల్.
రెంటికీ చెడ్డ రేవడి అన్నాడు.
ఇది కుక్క కాదు బొజేనా, చెప్పు.
రెండోది ఎక్కడ పెట్టావు? అన్నాడు.

క్లూస్కా అని పేరు పెట్టాను.
సూప్‌లో ఉడికే పిండి ఉండకి మా వైపు అదే పేరు.

మొదటి నెలంతా చీకటి పడ్డాకే బయటికి తీసుకెళ్లాడు,
అదీ కోటు లోపల దాచి.
ట్రాలీబస్సు స్టాపులో పాత జతగాడు వాల్దెమార్ ఎదురైతే
రెండు బొత్తాల మధ్య నుంచి నల్లటి ముక్కొకటి బయటికొచ్చి
అతని సిగరెట్టు వాసన చూసి తుమ్మిందట.
ఈ సంగతి వాల్దెమారే చెప్పాడు.
ఈయన చెప్పలేదు.

దాని బొచ్చు రాలదు.
రాలదు కనక ముడిపడుతుంది.
అమ్మినావిడ ఆ మాట చెప్పింది, నేను తలూపాను,
ఇంటికొచ్చి మర్చిపోయాను.
నవంబరు వానలకి చంకల్లో, చెవుల వెనక
జుట్టు కంబళి ముక్కలా గట్టిపడింది.
యాగోదా అనే అమ్మాయి మిషను పెట్టి మొత్తం గీసేసి
తువ్వాల్లో చుట్టి ఆయన చేతికిచ్చింది.
గులాబీరంగు తోలు. దాని కింద పిచ్చుక గుండె.
అడుగు వేసినప్పుడల్లా లాగేసి ఉంటుంది పాపం, అంది.
ఆ రాత్రి మా ఆయన సూప్ ముట్టలేదు.

మర్నాడు ఉక్కు దువ్వెన కొనుక్కొచ్చాడు.
పైపైన దువ్వితే కాదు, వేరు నుంచి విడదీయాలి,
పైన మెరిసే అతుకుని ఎప్పుడూ నమ్మకు, అంటూ
నాకు పాఠం చెప్పాడు,
తెచ్చింది నేనే అన్నట్టూ, పెంచేది ఆయనే అన్నట్టూ.
నిప్పురవ్వలు కాల్చిన వేళ్లు అవి.
నా జడ ఒక్కనాడూ ముట్టని వేళ్లు.

చిన్న నోరు, ఇరుకు పళ్లు. రోజూ తోముతాడు;
తన కట్టుడు పళ్లు మాత్రం గ్లాసులో మూడ్రోజులు నానతాయి.
ద్రాక్షపళ్ల గిన్నె బీరువా పైకెక్కింది,
దానికి అవి విషమట, ఇప్పుడు నాకూ అందవు.

పిట్ట కొంచెం కూత ఘనం.
ఒంటరిగా వదిలితే నాలుగంతస్తులకీ వినిపించేలా ఏడుస్తుంది.
అందుకని అలవాటు చేయడం మొదలుపెట్టాడు:
బయటికెళ్లి మెట్ల మీద ఒక నిమిషం నిలబడి రావడం,
రేపు రెండు, ఎల్లుండి నాలుగు.
వారం రోజులు అలా చలిలో నిలబడ్డాడు చూసి
కింద అంతస్తు విస్వావా
నేను గెంటేశాననుకుని ఆయనకి టీ ఇచ్చింది.

ఇంక చెవుల సంగతి.
దానివి వేలాడే చెవులు, లోపల కూడా జుట్టు,
గాలాడదు. ఆదివారాలు మందు వేసి, దూది చుట్టి
ఆయనే తుడుస్తాడు.
ఆయన చెవులు కార్ఖానాలోనే పోయాయి.
మిషను కొనిస్తే సొరుగులో పెట్టాడు.
తలుపు గంట మోగితే ఇప్పుడు క్లూస్కా వంక చూస్తాడు,
అది తలుపు వంక చూస్తే లేస్తాడు.

మొన్న ఆదివారం ఆయన వీపు వెనక కూర్చుని
వత్తులాటగా, గోడకి చెప్పుకున్నట్టే అన్నాను:
ఈ మోకాలు నన్ను నిద్రపోనివ్వడం లేదు, ఇరెక్.
ఎన్నేళ్లుగానో అలవాటైన మాటలు,
ఆ వీపుకి తగిలి కింద పడిపోయే మాటలు.

ఆయన ఒళ్లోంచి క్లూస్కా తలెత్తి నా వైపు చూసింది.
అది చూడటం చూసి ఆయన తిరిగాడు.
ఏమన్నావు?

ఏం లేదు అనబోయి
గట్టిగా మళ్లీ చెప్పాను.

దూది చేతిలోనే ఉంది. కాసేపు అలాగే కూర్చున్నాడు.
ఈలోగా అది మోచేతి కింద తల దూర్చి
మూలిగింది,
రెండో చెవి ఇంకా మిగిలి ఉందని.