మూలనున్న పడవ

మనం ఏనుగంటామే, మూల గడిలో నిలబడేది,
వోల్గా ఒడ్డున దాన్ని పడవంటారు.
వాళ్ళ ఏనుగు మన శకటు, ఐమూలగా నడుస్తుంది.
ఈ తేడా ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే
సిజ్రాన్ రైల్వే డిపోలో సరుకు లెక్కలు రాసే
లవ్రెంతీ సావిచ్ కుద్యాకోవ్
బతుకంతా పడవల ఆటే ఆడాడు.

ఏడాదికి ఐదు నెలలు నది గడ్డకట్టే ఊరు.
పడవలు బోర్లా పడి మంచుకింద ఉంటాయి,
తారు వాసనతో, ఎవరికీ పట్టకుండా.
"మూలనుందని మరిచిపోకండి," అనేవాడు పిల్లలతో,
"సగం బంట్లు పోయాక దారులు తెరుచుకుంటాయి.
అప్పుడు చూడండి దాని సంగతి."

ఆయన దారి యాభై నాలుగులో తెరుచుకుంది, కొంచెం.
తాష్కెంట్‌లో సెమీఫైనల్, అరువు తెచ్చిన కోటు,
పందొమ్మిది ఆటల్లో మూడే ఓటములు.
మాస్టర్ బిరుదు, బూడిదరంగు పుస్తకం, లోపల ఫోటో:
పెద్ద చెవులు, వంకర టై.
గ్లాఫీరా దాన్ని పంచదార డబ్బాలో దాచింది.
విదేశం వెళ్ళే జట్టు జాబితాలో పేరు వచ్చింది.
వారం తిరగకుండా పోయింది.
యుద్ధంలో శత్రువుకు చిక్కిన తమ్ముడున్నాడని
ఎవరో ఫైలు తిరగేశారట.
ఆ తమ్ముడు పోయి అప్పటికే పదకొండేళ్ళు.

ఆ తర్వాత పేరున్న ఒకాయనకు సాయంగా పంపారు.
మాస్కో హోటల్, నాలుగో అంతస్తు.
ఆట సగంలో ఆగింది,
రేపటి ఎత్తు కవరులో, లక్కముద్ర కింద.
పేరున్నాయన డాక్టరు మాట విని పదిన్నరకే పడుకున్నాడు.
కుద్యాకోవ్ జేబుబల్ల తెరిచి కూర్చున్నాడు,
పత్రికలో చుట్టిన ఉప్పుచేప,
ఆరో గ్లాసు టీ,
గోడలో దగ్గుతున్న వేడినీటి గొట్టం.
రాజును కోటలో దాచడం ఎవరికైనా తెలుసు.
తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయనకు కనిపించింది మాత్రం వేరు:
బంట్లను విడిచి, కోట విడిచి,
రాజు ఒక్కడే బల్ల ఈ చివర్నుంచి ఆ చివరికి
నడిచి వెళ్ళిపోవాలి.
ఇరవైసార్లు నడిపించి చూశాడు. ఎవరూ ఆపలేకపోయారు.

మర్నాడు తొమ్మిదో ఎత్తుకి ఎదుటివాడు గడియారం ఆపేశాడు.
హాలంతా చప్పట్లు.
"విజేత రాత్రంతా కన్ను మూయలేదు," అని రాసింది పత్రిక.
కన్ను మూయలేదన్నది నిజమే.
ఎవరి కన్నన్నదే అచ్చుతప్పు.
ఎత్తు ఒకరిది, ఎత్తున నిలబడింది ఇంకొకరు.
కుద్యాకోవ్‌కి ఒక థర్మాస్ ఇచ్చారు.
మంచిదే. ముప్ఫై ఏళ్ళు పనిచేసింది.

ఇక్కడ ఆయన చేత ఒక్క నిట్టూర్పయినా విడిపించాలని చూశాను.
కుదరలేదు.
అంతా లోకం చేసిన అన్యాయమే అనాలనీ చూశాను.
అదీ కుదరలేదు.
గెలిచే స్థితిలో చేయి చాచి డ్రా అడిగే జబ్బు ఆయనకుంది.
డజను ఆటలైనా అలా పారేసుకున్నాడు.
వాటికి ఏ ఫైలూ కారణం కాదు.
ఎందుకలా అని గ్లాఫీరా అడిగితే
"ఎదుటివాడి చేతులు వణుకుతున్నాయి," అన్నాడొకసారి.
ఇంకోసారి, "రైలు టైమైంది," అన్నాడు.

పయనీర్ల భవనంలో బుధవారాలు, శుక్రవారాలు.
బల్లమీద తెల్లగుర్రం ఒకటి తక్కువ,
దాని బదులు దారపుకండె.
ఒక మార్చి సాయంత్రం, పదేళ్ళ నాయిల్యా
పేరున్నాయన పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.
నూట పన్నెండో పేజీ.
ఒంటరిగా నడిచిపోతున్న రాజు, కింద ఆశ్చర్యార్థకాలు.
"మీరెప్పుడైనా ఈయన్ని ఓడించారా?"
పేజీని చాలాసేపు చూశాడు,
పాత ఇంటిని రైలు కిటికీలోంచి చూసినట్టు.
"లేదు. ఒకసారి గెలిచాను," అన్నాడు, "ఆయన తరఫున."

ఆ పిల్లకు అర్థం కాలేదు.
"గడియారం నడుస్తోంది, నాయిల్యా."
బయట నదిమీద మంచు పగులుతోంది,
ఎవరో ఎక్కడో తలుపులు వేస్తున్నట్టు.
ఆమె మూలనున్న పడవను పట్టుకుని
మూడు గడులు జరిపింది.
తప్పు గడి.
ఆయన ఏమీ అనలేదు.
థర్మాస్ మూత తిప్పాడు.