నూట పన్నెండో పేజీ

యూనివర్సిటీ లైబ్రరీ నవల్లో
నూట పన్నెండో పేజీలో ఒక జడ.
చివర నీలం రిబ్బను.
అమ్మ వేసిన ముడి విప్పకుండానే కోసేశారు.
ఆ రాత్రి పేజీ తిప్పలేకపోయాను.

సినిమాలో అదే చోట
జుట్టు గుట్ట.
మూడు సెకన్లు, వయొలిన్.
నవల్లో వినబడని కత్తెర చప్పుడు మాత్రం
ఇంకా చెవిలోనే ఉంది.

పక్కసీట్లో మునెమ్మత్త
చెనిక్కాయలు ఒలిచేది ఆపేసింది.
కొండమీద కల్యాణకట్టలో
పదకొండేళ్లుగా కత్తి పట్టిన చెయ్యి.

లీలామహల్ సర్కిల్ దాకా మాట్లాడలేదు.
"మేం తల తడిపి,
గోవిందా అనిపించి పెడతాం కత్తి.
వాళ్లనెవురన్నా అడిగినారా?"

రిబ్బను సంగతి చెప్పాను.
సినిమావోళ్లు అదెందుకు ఇడిసిపెట్టినారో
ఇద్దరికీ తెలీలేదు.

ఆటో అలిపిరి రోడ్డెక్కినాక
మళ్లీ నా చెయ్యి గిల్లింది:
"ఏం రంగన్నావు?"