ఆరో గోళీ

ఎడమకు తిరిగితేనే చప్పుడు.
రామవరప్పాడు రింగులో గన్నవరం దారి పట్టేటప్పుడు
చక్రం వెనక ఎవరో వక్కలు కత్తిరిస్తున్నట్టు
టక్కు, టక్కు, టక్కు.
తిన్నగా పోతే నోరు మెదపదు.

ఆటోనగర్‌లో అడిగితే
యాక్సిల్ మొత్తం మార్చాలమ్మా అన్నాడు షెడ్డతను,
అంకె చీటీ మీద రాసి
చీటీ మావైపు తిప్పి పెట్టాడు.
ఇన్నయ్య ఆ అంకెనీ
కట్టు కట్టిన తన కుడిచేతినీ మార్చి మార్చి చూశాడు.

పద్నాలుగేళ్లు ట్యాక్సీ తోలిన మనిషి,
పదో నంబరు పానా కూడా నన్ను ముట్టుకోనివ్వని మనిషి,
ఆదివారం పొద్దున ప్లాస్టిక్ కుర్చీ సందులోకి లాక్కుని
"నే చెబుతా, నువ్వు విప్పు" అన్నాడు.

హబ్బు నట్టు కదల్లేదు.
పానాకి బోరింగు పైపు తొడిగి
కుచ్చిళ్లు దోపుకుని పైపు మీద నిలబడ్డాను.
అరవై మూడు కిలోలు.
తగ్గు, తగ్గు అని ఇంటిల్లిపాదీ సతాయించే అరవై మూడు కిలోలు.
కిర్రుమంది నట్టు.
ఆయనేమీ అనలేదు.

జాకీ ఎత్తి ఇటుకలు పెట్టబోతే కసిరాడు:
"ఇటుకని నమ్మకు. దుంగ పెట్టు."

రబ్బరు బూటు మడత మడతకీ చిరిగి ఉంది.
లోపల గ్రీజు నల్లగా లేదు.
మజ్జిగెక్కువైన రాగిజావలా ఉంది.
బుడమేరు నీళ్లు.
గోడమీద చారకి సున్నం కొట్టాం,
పరుపులు పారేశాం,
పిల్ల సర్టిఫికెట్లు ఒక్కోటీ ఇస్త్రీ చేశాం,
సింగ్ నగర్ మొత్తం ఆరిపోయిందనుకున్నాం.
పిడికిలంత చోటులో దాక్కుని
మాతోపాటే కిరాయికి తిరిగిందిది,
మలుపొచ్చినప్పుడల్లా నేనున్నానంటూ.

ఇత్తడి కడ్డీ ఆనించి ఒక్కటే దెబ్బ వెయ్యమన్నాడు.
నాలుగు వేశాను. ఊడి ఒళ్లో పడింది.
లోపలి పంజరాన్ని వంచితే
గోళీలు ఒక్కోటీ బయటికొస్తాయి.
నేను అన్నం తినే పళ్లెంలో డీజిలు పోసి
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

ఆరోది లేదు.

కుర్చీ కింద, చెప్పుల్లో, కాలవ జాలీ మీద
మోకాళ్ల మీద పాకాను.
ఆయన ఎడంచేత్తో టార్చి పట్టాడు.
"ఐదుతో బిగిస్తే?"
"బిగుసుద్ది."
కాసేపాగి,
"తిరుగుద్ది కూడా. కానీ నమ్మలేం."

ఎదురింటి అరుగు మీద నాగూర్‌బీ మనవడు
గెలిచిన మొహంతో కూర్చున్నాడు, గుప్పిట మూసి.
రెండు గాజుగోళీలు ఇస్తానన్నాను, ఊహూఁ.
ఐదు రూపాయల బిళ్ల, ఊహూఁ.
ఇనప గోళీ రుచి తెలిసినవాడు గాజుకి దిగడు.
కారెక్కించి తిప్పాలి, అదీ బేరం.

గాడిలో చిన్న గుంట ఉంది,
గోరుకి తగిలీ తగలకుండా.
"ఓ ఏడాది లాగుద్దిలే" అన్నాడు,
కారు గురించే అనుకుంటా.

గుర్తు గీసిన గాడిలో గుర్తున్న గోళీ.
కొత్త గ్రీజు కాటుకలా మెత్తగా ఉంది.
బొటనవేలితో అదిమాను,
జాడీలో గోంగూర కూరినట్టు, గాలి మిగలకుండా.
"ఇదెవరు నేర్పారు నీకు?" అన్నాడు.
ఇరవై ఏళ్లుగా ఆ జాడీ ఖాళీ చేస్తున్న మనిషి.

సాయంత్రం ఖాళీ గ్రౌండులో
స్టీరింగు ఎడమకు చివరంటా కోసి
అద్దాలు దించి, నెమ్మదిగా, గుండ్రంగా.
లైసెన్సు ఇంకా చేతికి రాలేదు నాకు.
ముగ్గురం వింటున్నాం.
దుమ్ము, టైరు, ఎక్కడో కుక్క.
అంతే.

మూడో చుట్టులో వెనకసీటు అడిగింది:
"నా గోళీ ఏదీ?"
"తిరుగుతోంది" అన్నాను.
వాడు కిటికీలోంచి
నడుము దాకా వంగాడు చూడ్డానికి.
ఇన్నయ్య ఎడంచేత్తో వాడి చొక్కా పట్టుకున్నాడు.