పద్దులో లేని చక్కెర

ఇరవై రెండేళ్లు బిష్కెక్ కాలేజీలో ఒకే పాఠం చెప్పాను.
నల్లబల్ల మీద ఎడమవైపు తోడేలు, కుడివైపు గొర్రెపిల్ల.
రాజు పుట్టకముందు మనిషి ఈ రెంటిలో ఏది?
పదిహేను మార్కుల ప్రశ్న.
నాకు బొమ్మలు రావు. రెండూ కుక్కల్లాగే ఉండేవి.
పిల్లలు నవ్వేవారు.

ఆ ఏడు మార్చిలో తలాస్ నుంచి తిరిగొస్తుంటే
త్యో-అషూ కనుమ మీద మంచు విరిగిపడి
దారి ముందూ వెనకా మూసుకుపోయింది.
రోడ్డు పనివాళ్లు వదిలేసిన గది ఒకటి, ఇనప పొయ్యి ఒకటి,
పదిహేడుమందిమి.
ఒక పోలీసు కొండకి అవతల, ఇంకో పోలీసు ఇవతల,
నడుమ మేమూ, గాలీ.

మొదటి రాత్రి తోడేలే వచ్చిందని చెప్పాలి.
బెక్‌తెమిర్ అనే కుర్రాడు పొయ్యి పక్కన కాళ్లు బారజాపి
ఎవరెంత తిట్టినా కదల్లేదు.
ఎవరో తోశారు. ఎవరిదో పిడికిలి లేచింది.
అప్పుడు అనార్‌కుల్ ముసలమ్మ
కూతురి ఒళ్లోని చంటిదాన్ని తెచ్చి వాడి ఒళ్లో పడేసింది.
"వెచ్చగా ఉన్నావుగా, పట్టుకో."
అంతే.
తెల్లారేదాకా వాడు మెడ కూడా తిప్పలేదు,
పంచె కాదుగా, ఉన్న ఒక్క ప్యాంటూ అది తడిపినా.

నిద్రపట్టక నా పాఠం నేనే నెమరేసుకున్నాను.
అందులోని ఆదిమానవుడికి అమ్మ లేదు.
గడ్డంతో సహా ఆకాశం నుంచి ఊడిపడతాడు,
పడగానే ఒప్పందం రాయడానికి కలం వెతుక్కుంటాడు.
మరి బొడ్డుతాడు మీద ఎవరు సంతకం పెట్టారు?

రెండో రోజు తొలొగొన్ తన లారీ తాళం తీశాడు.
నిల్వ ఆపిల్స్, తలకి రెండు.
ఊరికే తినండి అన్నాడు ముందు.
మధ్యాహ్నానికి ఎందుకో నోటుపుస్తకం తీశాడు.
అది కనబడగానే మేం వరసలో నిలబడ్డాం!
"నేనొకటే తీసుకున్నా, సరిగ్గా రాయి" అన్నాడొకడు.
ప్రభుత్వం పుట్టడం నేను కళ్లారా చూశాను.
అరిగిన పెన్సిలు ముక్క,
దాన్ని నాలుకతో తడుపుతూ ఒక లారీ డ్రైవరు.

ఇక నా సంగతి.
కోటు లోపలి జేబులో పదకొండు చక్కెర బిళ్లలున్నాయి.
ఎవరికీ తెలియదు.
మూడో రాత్రి, పక్కనే బాలింత
పాలు రాక బిడ్డకి వేలు చీకిస్తుంటే,
చప్పరిస్తే వినబడుతుందని బిళ్ల నాలుక కింద పెట్టుకుని
కరిగేదాకా ఊపిరి బిగబట్టాను.
ఒకటి కాదు, ఆరు.
తోడేలుకి ఇంత సిగ్గుండదు.
గొర్రెకి ఇంత ఉపాయం తెలియదు.

నాలుగో పొద్దున మంచు తవ్వే బండి వచ్చింది.
వెనకాలే టోపీ పెట్టుకున్న ఆఫీసరు.
"ఇక్కడ పెద్ద ఎవరు?"
ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.
బెక్‌తెమిర్ తన ఒళ్లోని చంటిదాన్ని చూపించాడు.
అందరం నవ్వాం. ఆఫీసరు రాసుకోలేదు.

తొలొగొన్ పద్దు చదివాడు.
ఎవరి బాకీ వాళ్లు కట్టారు, ముసలమ్మ ఉన్నితాడు ఇచ్చింది.
నావి ఆరు ఆపిల్స్.
పెద్దనోటిచ్చి చిల్లర వద్దన్నాను.
వాడు వదల్లేదు, పైసాతో సహా లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

ఆ కోటు ఇప్పటికీ తలుపు వెనక వేలాడుతోంది.
మిగిలిన ఐదూ అస్తరుకి అతుక్కుపోయాయి.
వానాకాలం వేలు పెడితే
జిగట.