పాలపళ్ళు

నలభై ఏళ్ళు ఎద్దుల నోళ్ళు తెరిచినోణ్ణి
కందుకూరు సంతలో.
ఆరు పళ్ళదని చెప్పి
ముసలిదాన్ని అంటగట్టిన రోజులూ ఉన్నాయి,
దాచేదేముంది.

ఇయ్యాల ఊరికే పోయి నిలబడితే
టమాటా ట్రేలో ఐదు కుక్కపిల్లలు.
కింద గోనెపట్టా తడిసిపోయుంది.
అమ్మేది, నాతో దళారీ చేసిన కాలేషా మనవడు.

"నలభై రోజులయి తాతా, అన్నం తింటాయి.
రెండు తీసుకుంటే గొలుసు ఫ్రీ."

ఒకదాన్ని ఎత్తాను.
అలవాటు కొద్దీ
బొటనవేలితో పెదవి పైకి తోశాను.
పన్ను మొలవలేదు.
ఉత్త చిగుళ్ళు
నా వేలు దొరకబుచ్చుకుని చీకుతున్నాయి.
తువ్వాలు కింద
వేలు పలికిన వేలు అది.

"తల్లేదిరా?"
"ఇంటికాడ కట్టేసొచ్చినా. ఎంటబడి వస్తా ఉండాది."

ఇంకేం అడగను?
దూడను విడదీసి ఆవును తోలిన పొద్దు
నన్నెవరూ అడగలేదు.

ఎండ ట్రే మీదికి జరిగింది.
భుజమ్మీది తువ్వాలు తీసి కప్పాను,
చెయ్యి లోపలే ఉండిపోయింది.

వాడు చటుక్కున
తన చెయ్యీ తువ్వాలు కిందకి దూర్చి
నా వేళ్ళు పట్టుకున్నాడు:
"చెప్పు తాతా, ఎంతకి?"