తేల

గిరిసోల బంకులో కుర్రాడు
నిద్రకళ్లతో పైపు అందుకుని అడుగుతాడు,
"తేల కేతే?"
రెండు డబ్బాలు చూపిస్తాను.
మెడ దాకా వద్దు, భుజాల దాకా చాలు.
ఎండెక్కితే పెట్రోలు ఒళ్లు విరుచుకుంటుంది,
దానికి కాస్త చోటుంచాల.

ఒడియాలో తేల అంటే నూనె.
మన మాటలో తేలడం వేరు.
నీళ్ల మీద ఒలికినప్పుడు మాత్రం
రెండు భాషలూ ఒకటే చెప్తాయి.

సైకిలుకి అటొకటి ఇటొకటి కట్టి
సరుగుడు తోటలోంచి సోనాపురం దిగేసరికి
బాహుదా మొగలో ఇంకా చీకటే.
కూర్మయ్య మావ బీడీ తీశాడు.
కారమ్మత్త ఏమీ అనలేదు,
చెయ్యి చాపింది.
బీడీకట్టా అగ్గిపెట్టే
ఆమె రొంటిలోకి వెళ్లిపోయాయి.

"టాంకీ దింపు. పడవలో పొయ్యకు."
తడి ఇసక మీద నిలబెట్టి
పాత లుంగీ ముక్క మెడకి చుట్టింది.
గరాటు పెట్టి, వడగుడ్డ పరిచి
డబ్బాని నాకిచ్చింది.
నేను ఎత్తాను, అందరూ ఎత్తినట్టే,
మూతి కిందికి.

"అలాక్కాదురా. మూతి పైనుండేలా పక్కకి తిప్పు.
అది పోస్తూ ఊపిరి తీసుకోవాల.
ఉగ్గు ఎప్పుడూ పట్టలేదేటి?
తొందరపెడితే పిల్లకైనా పొలమారుద్ది,
ఇంజనుకైనా."

పిల్లకి పొలమారితే ఎవరో తలుచుకున్నారంటారు.
ఇంజను నడిసంద్రంలో దగ్గితే
తలుచుకునేది మనమే, దేవుళ్లందర్నీ.

తిప్పాను. గుటగుట ఆగిపోయింది.
దారంలా జారింది పెట్రోలు,
చప్పుడు లేకుండా, వాసన మాత్రం నిండుగా.
"కళ్లు మూసుకో" అంది.
టాంకీ నిండేకొద్దీ దాని గొంతు సన్నబడుతుందట,
ఆ సన్నదనం దగ్గర ఆపాలట.
చూసి ఆపినవాడు ఒలికిస్తాడు.

ఒలికించినవాణ్ణి నేనే.
రెండేళ్ల కిందట, కెరటాల మీద, పడవలోనే,
గ్లాసుడు కూడా ఉండదు.
అడుగు చెక్కల మధ్య రంగులు తిరుగుతుంటే
బాగుందనుకున్నాను కూడా.
ఆ రోజు వల నిండా రొయ్య.
ఒడ్డున బెహరా ఒక్క రొయ్యని తీసి
ముక్కు దగ్గర పెట్టుకుని
మళ్లీ బుట్టలోనే పెట్టేశాడు.
తిట్టలేదు. ధర తగ్గించలేదు.
పక్కవాళ్ల బుట్ట తూకమేసుకున్నాడు.

మూడు బుట్టలూ కారమ్మత్తే గొయ్యి తీసి పూడ్చింది.
కుక్కలొచ్చి వాసన చూసి
మా మొహాలు చూసి వెళ్లిపోయాయి.
వారం రోజులు అన్నం కలిపినా
నా వేళ్లకి ఆ వాసనే.

ఈ వేళ ఇసక మీద చుక్క లేదు.
గరాటు తియ్యబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది.
"ఉండు. ఇంకోటుంది."
కొసన వేలాడుతోంది చివరి చుక్క,
పడదు, వదలదు.
అవతల పోటు తిరుగుతోంది,
మావ పడవ పట్టుకుని అరుస్తున్నాడు,
మిగతా పడవలు అప్పుడే మొగ దాటేశాయి.
ఆమె ఆ చుక్క కోసం నిలబడింది,
వంగిన నడుంతో,
ఎవరి పెళ్లికో వెళ్లాల్సిన తొందర లేనట్టు.
పడింది. లోపలికే.

మూత బిగించి, లుంగీ ముక్కతో టాంకీ ఒళ్లంతా తుడిచి
ఆ ముక్కని గాలికి ఆరేసింది.
ఖాళీ డబ్బాలు భుజానేసుకుని
వెనక్కి చూడకుండా తోటలోకి నడిచింది.
"మరి నా బీడీలో?" అన్నాడు మావ.
"సాయంత్రం."

సాయంత్రం ఇచ్చింది.
మావ లెక్క చూసుకుంటే రెండు తక్కువ.
కారమ్మత్త సముద్రం వైపు తిరిగి
ముక్కులోంచి మెల్లగా,
ఒక్క పోగు కూడా తొణక్కుండా,
పొగ వదిలింది.