అద్దెలో వాన కూడా

శుక్రవారం మధ్యాహ్నం
హిల్స్‌బరో రేవులో పడవ దిగేసరికి
మా ఇద్దరికీ కలిపి ఉన్నవి ఎనిమిది రాత్రులు,
వెర్లిన్ చేతిలో ఒక గళ్ల నోటుబుక్కు.

జార్జ్‌టౌన్ ఆసుపత్రిలో ఏడాది పొడుగునా
అందరి పండగ డ్యూటీలూ మేమే చేసి
కూడబెట్టిన డబ్బు.
పడవకింత, తిండికింత,
ఇసుకదీవి షికారుకు తలా అరవై,
గదికి రోజుకు తొంభై, దాని కింద రెండు గీతలు.
వెర్లిన్ రెండు గీతలు గీసిందంటే
పెద్ద డాక్టరు కూడా చెరపడు.

మొదటి హోటలు, సముద్రం వైపు వరండా:
నాలుగు వందల ఎనభై.
ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది,
మేమూ నవ్వుతూనే చెరో గ్లాసు మంచినీళ్లు తాగి వచ్చేశాం.
రెండోదానికి బోర్డు ఉంది, కప్పు లేదు.
మూడోదానికి అన్నీ ఉన్నాయి.
"తాళం ఎవరి దగ్గరుందో తుపాను తర్వాత తెలీదు"
అన్నాడు పక్కింటి ముసలాయన
డామినో ముక్కలు కలుపుతూనే.

నాలుగోది హోటలు కాదు, ఇల్లే.
మినీబస్సు కాంప్టన్ "మా మేనత్త" అని
రెండుసార్లు హారన్ కొట్టి మమ్మల్ని దింపి పోయాడు.
ఆవిడ పేరు ఇస్మే.
చేతిలో కోసిన సీమపనస, మోచేతి దాకా దాని జిగురు.
"నూట ఇరవై" అంది, మేం నోరు తెరవకముందే.

"తొంభై" అంది వెర్లిన్.

ఇస్మే గడ్డం ఎత్తి కప్పు చూపించింది.
సగం తళతళలాడే కొత్త రేకు,
సగం నీలం టార్పాలిన్, గాలికి రొప్పుతోంది.
"తొంభైకి రేకొస్తుందమ్మా.
మేకులెవరిస్తారు?"

నూట అయిదు దగ్గర ఇద్దరూ ఆగారు.
వెర్లిన్ అక్కడే మెట్టు మీద కూచుని
ఇసుకదీవిని కొట్టేసింది.
నేను మేకల్ని చూస్తున్నట్టు నటించాను.

గదిలో మంచం, దోమతెర, బైబిలు, బకెట్టు.
బకెట్టే ముఖ్యం.
ఈ దీవికి ఏరు లేదు.
కప్పు మీద పడ్డదే నీళ్లు,
గొట్టంలోంచి జారి ఇంటి కింది తొట్టిలోకి.
రేకు ఉన్నంత మేరా వాన ఇంటిది,
టార్పాలిన్ ఉన్నంత మేరా మట్టిది.
తెల్లారగానే ఇస్మే తొట్టిలో గాట్ల కర్ర ముంచి చూసేది
మేం వార్డులో జ్వరం చూసినట్టు.
ఆరో గాటు. ఐదున్నర. ఐదు.
మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు.
మేమే తలస్నానాలు మానేశాం.

కోకో టీ మీద జాజికాయ గీకి ఇస్తే
"ఇది అద్దెలో ఉందా?" అనడిగింది వెర్లిన్.
మర్నాడు వేయించిన ఉప్పుచేపకి మళ్లీ అడిగింది.
ఆ పూటంతా ఇస్మే మాతో మాట్లాడలేదు.

ఆరో రాత్రి వాన.
ముందు రేకు మోగింది, తర్వాత కుక్క, తర్వాత ఇస్మే.
ముగ్గురం నైటీల్లో బయటికి పరుగు,
బేసిన్లు, కుండలు, పడవలో నీళ్లు తోడే డబ్బా,
ఆఖరికి బైబిలు పక్కనున్న పూలకుండీ కూడా
టార్పాలిన్ అంచు కింద.
కాంప్టన్ ఎక్కణ్ణించో నిచ్చెన తెచ్చాడు.
ఎవరూ ఎక్కలేదు.
వాన వెలిసేదాకా దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

పొద్దున కర్ర మీద తడి ఎనిమిదో గాటు దాకా ఉంది.
ఇస్మే చూసి, మళ్లీ ముంచి చూసి,
మా చేతిలో సబ్బు పెట్టింది.

శనివారం తిరుగు పడవలో
కొండ మీద ఇళ్లన్నీ అగ్గిపెట్టెలయ్యాక
నీలం కనిపించేచోట ఆవిడ ఇల్లు పోల్చుకున్నాం.
"మనవి ఏ రేకులంటావ్?" అన్నాను.
వెర్లిన్ నోటుబుక్కు తెరవలేదు, నోటితోనే కట్టింది:
"రోజుకొకటి చొప్పున ఎనిమిది రేకులు.
పైన నూట ఇరవై మిగిలింది."
కాసేపు ఆగి,
మేం ఎక్కని షికారు పడవ తెరచాప వైపు చూస్తూ అంది:
"ఇసుకదీవి మొత్తం మేకులైపోయింది."